ఊరి కొలువు ఊరి ముందే: పుర నియామకాల ఉద్యమ ప్రణాళిక

మేము పట్టణ ప్రజలం. ఇంటిపన్ను, నీటిపన్ను కట్టేవాళ్ళం. ఆ పన్నులోంచి జీతం అందుకునేవాళ్ళం. చదువు పూర్తిచేసి అలాంటి జీతం కోసం ఎదురుచూస్తున్నవాళ్ళం. తెల్లవారకముందే చీపురు పట్టే తల్లులం, పంప్‌హౌస్‌లో రాత్రి డ్యూటీ చేసే ఆపరేటర్లం, వార్డు ఆఫీసు దగ్గర అర్జీ పట్టుకుని నిలబడే మామూలు జనం. ఇంతకాలం వేర్వేరు వరసల్లో నిలబడిన మేము ఈ రోజు ఒక్క మాట మీద నిలబడుతున్నాం.

ఆ మాట ఇది. ఊరి పనికి ఎందరు మనుషులు కావాలి, వాళ్ళను ఏ పద్ధతిలో ఎంచుకోవాలి, ఎంత జీతం ఇవ్వాలి, ఎంతకాలం ఉంచుకోవాలి అన్న నిర్ణయాలన్నీ ఊరు ఎన్నుకున్న కౌన్సిల్లో, జనం చూస్తుండగా, కారణాలు చెప్పి, చర్చించి తీసుకోవాలి. దీనికి తక్కువైనదేదీ మాకు సమ్మతం కాదు.

సిఫారసు ఉత్తరం, ఏజెన్సీ టెండరు, ఏడాదికోసారి పొడిగింపు అనే మూడింటి మీద నిలిచిన పాత వ్యవస్థకు కాలం తీరింది. అది చదువుకున్నవారికి నమ్మకం ఇవ్వలేదు, పనిచేసేవారికి భద్రత ఇవ్వలేదు, పన్ను కట్టేవారికి లెక్క చెప్పలేదు. దాని మీద తీర్పు చెప్పే పని జనం ఎప్పుడో ముగించారు. ఇక మిగిలింది, దాని చోట ఏది నిలవాలో చెప్పడం.

మునిసిపాలిటీ అంటే ఏమిటో తెలుగువారికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. భీమునిపట్నంలో 1861లోనే పురపాలక సంఘం వెలిసింది. 1921లో చీరాల, పేరాల ప్రజలు తమ సమ్మతి లేకుండా నెత్తిన రుద్దిన మునిసిపాలిటీని, దాని పన్నులను నిరాకరించారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి, రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి బతికారు. జనాన్ని అడగని పాలనకు జనం మీద హక్కు లేదని వారు చాటారు. పరాయి ప్రభుత్వం కింద వారికి దొరికిన దారి ఊరు విడవడం. మనకు రాజ్యాంగం ఉంది, ఓటు ఉంది, కౌన్సిల్ హాలు ఉంది. మేము ఊళ్ళోనే ఉంటాం. ఆ హాలుకే వస్తాం.

మా విశ్వాసాలు ఇవి.

1. నగరం చేసే తొలి విధాన నిర్ణయం నియామకమే.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూలు పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 బాధ్యతలను వరసగా చెప్పింది. తాగునీరు, రోడ్లు, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, వీధిదీపాలు, శ్మశానాలు, జనన మరణాల నమోదు అందులో ఉన్నాయి. ఆ జాబితాలో ఎక్కడ వేలు పెట్టినా ఒక మనిషి కనిపించాలి. వాల్వు తిప్పే మనిషి, కాలువ పూడిక తీసే మనిషి, స్తంభం ఎక్కి బల్బు మార్చే మనిషి, పుట్టిన బిడ్డ పేరు రిజిస్టరులో ఎక్కించే మనిషి. ఆ మనిషి లేకపోతే ఎంత గొప్ప తీర్మానమైనా మినిట్స్ పుస్తకం దాటదు. 18 రాష్ట్రాల పట్టణ సంస్థలను పరిశీలించిన కాగ్, మంజూరైన కొలువుల్లో సగటున 37 శాతం ఖాళీగా ఉన్నాయని 2024లో తేల్చింది. పదిమంది చేయాల్సిన పని ఆరుగురి నెత్తిన పడితే, ఆ ఆరుగురి అలసటే ఊరికి అందే సేవ అవుతుంది. కాబట్టి బడ్జెట్ లెక్కలకన్నా, మాస్టర్ ప్లాన్ రంగులకన్నా ముందు, తన పని ఎవరు చేస్తారన్న ప్రశ్నకు కౌన్సిల్ జవాబు చెప్పాలి.

2. పద్ధతిని కౌన్సిల్ నిర్ణయించాలి. మనిషిని ఆ పద్ధతి నిర్ణయించాలి.

ఇది మా ఆలోచనకంతటికీ మూలం. నియామకాలను కౌన్సిల్ చేతికి ఇమ్మంటే, ఒక్కో కార్పొరేటరుకు ఇన్ని కొలువులని పంచిపెట్టమని ఎవరూ అర్థం చేసుకోకూడదు. ఎన్ని పోస్టులు, ఏ అర్హత, ఏ జీతం, ఏ పరీక్ష, ఏ రిజర్వేషన్ రోస్టరు, ఎన్ని రోజుల గడువు అన్నవి విధాన ప్రశ్నలు. వాటి మీద మేయరు, కార్పొరేటర్లు, కో-ఆప్షన్ సభ్యులు బహిరంగంగా వాదించాలి, ఓటు హక్కు ఉన్నవారు ఓటు వేయాలి. ఆ నియమాలు ఒకసారి ఖరారయ్యాక, పేర్ల జోలికి ఏ ప్రజాప్రతినిధీ పోకూడదు. కౌన్సిలరు నోటి నుంచి ఒక్క అభ్యర్థి పేరు కూడా వినిపించని రోజే కౌన్సిల్‌కు నియామకాల మీద నిజమైన అధికారం వచ్చినట్టు. ఈ గీత గీసుకున్న ఊళ్ళో కొలువు దొరికినవారు ఎవరికీ రుణపడరు. ఎవరి ఊరేగింపుకూ జెండా మోయనక్కర్లేదు. ఎన్నికలు అయిపోయి పాలకవర్గం మారినా, వారి నిద్ర చెదరదు. వారి విధేయత పనికి, పని ఎవరికోసమో ఆ ఊరికి మాత్రమే చెందుతుంది.

3. ఖాళీ ఉందన్న సంగతి తెలుసుకోవడం పౌరుడి హక్కు.

రాజ్యాంగం 14, 16 అధికరణాల్లో సమానావకాశం ఇచ్చింది. అవకాశం ఉందనే తెలియని మనిషికి ఆ సమానత్వం అందదు. ఖాళీలను ఉపాధి కల్పన కార్యాలయాలకు తెలపాలని 1959లోనే చట్టం వచ్చింది. అది ఒక్కటే చాలదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. పత్రికల్లో ప్రకటించాలి, ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టాలి, రేడియో, టీవీల్లో వినిపించాలి, వచ్చిన వారందరినీ పరిగణించాలి అని ఆదేశించింది. ఆ కేసు వెళ్ళింది మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నుంచే. తెలుగు నేల నుంచి వెళ్ళిన వివాదం దేశానికంతటికీ ఒక నియమాన్ని తెచ్చింది. ఆ నియమం తెలుగు పట్టణాల్లో అక్షరాలా నడవాలని కోరడం మా బాధ్యత. ప్రతి ఖాళీ వార్డు సచివాలయం గోడమీద, గ్రంథాలయంలో, రేషన్ షాపు దగ్గర, బస్తీలో జనం కూడే చోట కనబడాలి. ప్రకటన తేలిక తెలుగులో ఉండాలి. దరఖాస్తుకు కనీసం నెల గడువు ఉండాలి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షకు పైగా కొలువులకు జులైలో ప్రకటన ఇచ్చి, సెప్టెంబరులో రాతపరీక్ష పెట్టి, అక్టోబరు 2 నాటికి నియామకాలకు దిగారు. రాష్ట్రమంతటికీ సాధ్యమైన వేగం ఒక్క ఊరికి అసాధ్యమని ఎవరు చెప్పినా మేము ఒప్పుకోం.

4. ఎప్పుడూ ఉండే పనికి ఎప్పటికీ ఉండే కొలువు ఇవ్వాలి.

ఏ పట్టణం కౌన్సిల్ అజెండా తెరిచినా ఈ ధోరణిలో ఒక అంశం తగులుతుంది: ఔట్‌సోర్సింగ్ పద్ధతిపై పనిచేయుచున్న పారిశుద్ధ్య కార్మికుల సేవలను మరియొక సంవత్సర కాలమునకు పొడిగించుటకు కౌన్సిల్ వారి ఆమోదము నిమిత్తము. గుమాస్తా అంశం సంఖ్య చదువుతారు. బల్లల వెనకనుంచి ఆమోదం, ఆమోదం అన్న మాట వినిపిస్తుంది. సభ తర్వాతి అంశానికి కదులుతుంది. వందల కుటుంబాల ఇంటి అద్దె, పిల్లల ఫీజు, పెళ్ళి మాటలు, మందుల ఖర్చు ఆ అర నిమిషంలో ఇంకొక్క ఏడాదికి తాత్కాలికమవుతాయి. చెత్త మాత్రం ఒక్క రోజూ తాత్కాలికం కాదు.

చట్టం ఈ విషయంలో రెండు మాటలు చెప్పింది. దొడ్డిదారిన వచ్చినవారిని క్రమబద్ధీకరించడం కుదరదని 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఘజియాబాద్ నగర నిగమ్ తోటమాలుల కేసులో 2025 జనవరిలో ఇంకో అడుగు వేసి, ఏళ్ళ తరబడి శాశ్వత స్వభావం గల పని చేయించుకుని తీసేసిన వారిని తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. రెండు మాటలూ కలిపి చదివితే మనకు దారి దొరుకుతుంది. ఇప్పటికే ఏళ్ళుగా చీపురు పట్టినవారి సేవను ముందు గుర్తించాలి, వారి స్థానాన్ని చట్టబద్ధం చేయాలి. ఆపైన ఊళ్ళోకి కొత్తగా వచ్చే ప్రతి కొలువుకూ ముఖద్వారం ఒక్కటే ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1994 నాటి 2వ నంబరు చట్టం దినవేతన నియామకాలను నిషేధించింది. ఆ ఏడాదే 212 నంబరు జీవో పాతవారి క్రమబద్ధీకరణకు షరతులు పెట్టింది. నిషేధం ఉన్నా అవసరం ఆగలేదు, దాంతో ఆ అవసరం ఏజెన్సీల రూపంలో తిరిగి వచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీల చోట ఆప్కాస్ అనే రాష్ట్రస్థాయి సంస్థను నిలబెట్టింది. మధ్యవర్తి తప్పుకున్నాడు గానీ ఔట్‌సోర్సింగ్ అన్న పేరు మిగిలింది, నిర్ణయం కౌన్సిల్‌కు దగ్గర కాలేదు. కాబట్టి పేరు మార్పు మాకు చాలదు. పని ఎవరిదో, యజమాని ఎవరో కాగితం మీద ఒకటే ఉండాలి. నగరం పని చేసేవారికి నగరమే యజమాని.

5. స్థానికత జనన ధ్రువపత్రంతో ముగిసిపోదు.

మన కొలువులు మనవాళ్ళకే అన్న మాటకు తెలుగు నేలమీద బరువైన చరిత్ర ఉంది. ముల్కీ నిబంధనలు, 1969లో తెలంగాణ నివాస నిబంధనను కొట్టేసిన సుప్రీంకోర్టు తీర్పు, రెండు ప్రాంతాల ఉద్యమాలు, ఆరు సూత్రాల పథకం, 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, తెలంగాణకు 95 శాతం దాకా స్థానిక కోటా ఇచ్చిన 2018 ఉత్తర్వు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కొలువు కోసం రక్తం చిందిన నేల ఇది. ఆ చట్టబద్ధ రక్షణ రెగ్యులర్ పోస్టులకు ఎంత దృఢంగా ఉందో, అదే పనిని ఏజెన్సీకి అప్పగించినప్పుడు దాన్ని అడిగే వేదిక అంత బలహీనంగా ఉంది. స్థానిక అభ్యర్థుల హక్కును, రిజర్వేషన్ రోస్టరును ఊరి పని అంతటికీ, ఏ పేరుతో చేయించినా, వర్తింపజేయాలని కౌన్సిల్ తీర్మానించాలి.

అదే గొంతుతో ఇంకో మాట కూడా చెప్పాలి. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలవారు. కాంట్రాక్టర్ల కింద ఏళ్ళ తరబడి నలిగి, కొట్లాడి, సమ్మెలు చేసి నెగ్గారు. 2025 మే డే నాడు 12 వేలమందికి పైగా శాశ్వత నియామక పత్రాలు అందుకున్నారు. మన మనుషులకు పరాయి ఊరు ఇవ్వగలిగిన గౌరవాన్ని, మన ఊరికి వచ్చిన పరాయి మనుషులకు మనం కాదనలేం. విజయనగరం నుంచి విశాఖకు, పాలమూరు నుంచి హైదరాబాదుకు, కర్నూలు పల్లెల నుంచి గుంటూరుకు బతుకుతెరువుకు వచ్చినవారు ఈ ఊళ్ళకు చెమట ఇచ్చారు. చట్టం గీసిన గీతకు లోబడి, ఊరికి చేసిన సేవను కూడా స్థానికతగా లెక్కించే నగరం మాకు కావాలి.

6. చీపురుకు కులం ఉండకూడదు, కుర్చీకీ ఉండకూడదు.

ఉదయం అయిదు గంటలకు మస్టర్ పాయింట్ దగ్గర నిలబడి చూడండి. ఆకుపచ్చ జాకెట్లు తొడుక్కున్న ఆడవాళ్ళు వరసలో ఉంటారు. మేస్త్రీ చేతిలోని ఫోన్ ముందు ఒక్కొక్కరే ముఖం పెట్టి హాజరు వేయించుకుంటారు. ఆ వరస ఏ కులాలది, ఆఫీసు మొదటి అంతస్తులో ఫైళ్ళ ముందున్న వరస ఏ కులాలది అన్నది ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. రాజ్యాంగం ఉన్న దేశంలో ఊరి మురికి ఒకే వాడకు వారసత్వంగా దక్కడం నియామక విధానం వైఫల్యమే. దాన్ని మార్చాల్సింది నియామక విధానమే.

2013 చట్టం మనుషులతో పాకీ పనిని, రక్షణ లేకుండా మురుగు గుంతల్లోకి దించడాన్ని నిషేధించింది. మ్యాన్‌హోల్‌లో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో, 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పరిహారం పెరగడం న్యాయమే, కానీ మా లక్ష్యం దానికన్నా దూరం. ఆ గుంతలోకి మనిషి దిగే అవసరమే లేకుండా యంత్రం రావాలి, ఆ యంత్రాన్ని నడిపే శిక్షణ, జీతం నిన్నటి దాకా దిగినవారికే దక్కాలి. పారిశుద్ధ్య కార్మికురాలి నుంచి మేస్త్రీకి, మేస్త్రీ నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరుకు మెట్లు కట్టాలి. ఆ మెట్లు ఎక్కడానికి చదువు సెలవు, పరీక్ష ఫీజు నగరం భరించాలి. మన రెండు రాష్ట్రాల పట్టణ సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. హాల్లో కూర్చున్న మహిళలు బయట ఊడుస్తున్న మహిళల కోసం నోరు విప్పితే, మూత్రశాల, విశ్రాంతి గది, ప్రసూతి సెలవు అన్నవి మొదటి సభలోనే తేలిపోతాయి.

7. కౌన్సిల్ లేని ఊరు తన పనివాళ్ళకు జవాబు చెప్పలేదు.

విశాఖపట్నంలో పాలకవర్గం గడువు 2012లో తీరింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ మధ్యకాలంలో మహానగరం అధికారుల పాలనలో నడిచింది. ఎన్నిక లేని ఆ తొమ్మిదేళ్ళు ఏ నియామకం మీదా ఊరి ప్రతినిధి ఒక్క ప్రశ్న వేసే వీలు లేని ఏళ్ళు. కౌన్సిళ్ళు ఉన్నచోట కూడా పెద్ద నిర్ణయాలు రాజధానిలోనే జరుగుతున్నాయి. 2023 డిసెంబరు చివర మొదలై 2024 జనవరిలో ముగిసిన ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ కార్మికుల సమ్మెలో వేతనాల బేరం నడిచింది మంత్రులకు, సంఘాలకు మధ్య. చెత్త పేరుకున్న ఊళ్ళ కౌన్సిళ్ళు చూస్తూ ఉండిపోయాయి.

రాష్ట్రం నేల మట్టం నిర్ణయించాలి. కనీస వేతనం, రిజర్వేషన్, పీఎఫ్, ఈఎస్‌ఐ, పనిగంటలు రాష్ట్రమంతటా ఒకేలా ఉండాలి. ఆ నేల మీద ఎంత ఎత్తు కట్టుకోవాలో ఊరు నిర్ణయించుకోవాలి. పోస్టు మంజూరుకు ఫైలు రాష్ట్ర సచివాలయం చుట్టూ తిరగకుండా, జనాభా, రోడ్ల పొడవు, నీటి కనెక్షన్లను బట్టి ఒక కొలమానం ఉండాలి. ఆ కొలమానం దాటని ఖాళీలను భర్తీ చేసే అధికారం నేరుగా కౌన్సిల్‌కు దక్కాలి. గడువు తీరిన నాటికి ఎన్నిక జరగాలి. ప్రత్యేకాధికారి పాలనలో ఉన్న ఊళ్ళో కొత్త ఔట్‌సోర్సింగ్ ఒప్పందం ఏదీ కుదుర్చుకోకూడదు.

8. లెక్క గోడమీద ఉండాలి.

2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రతి ప్రభుత్వ సంస్థా తన ఉద్యోగుల వివరాలను, వారి నెలసరి జీతాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని చెప్పింది. ప్రతి మునిసిపల్ ఆఫీసు గుమ్మంలో ఒక బోర్డు ఉండాలన్నది ఆ చట్టానికి మేమిచ్చే రూపం. మంజూరైన పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని, ఖాళీలు ఎన్ని, రోస్టరు ఎక్కడిదాకా వచ్చింది, బయటి సంస్థకు నెలకు కట్టింది ఎంత, అందులో పనిచేసినవారి ఖాతాలో పడింది ఎంత, పీఎఫ్ జమ అయిందా లేదా అన్నవి నెలనెలా మారుతూ ఆ బోర్డు మీద కనిపించాలి. నియామకాలకు సంబంధించిన అజెండా సభకు వారం ముందు తేలిక తెలుగులో జనానికి అందాలి. అప్పటికప్పుడు బల్లమీదకు తెచ్చే టేబుల్ అజెండాలో నియామకాల అంశం పెట్టకూడదు. ముందు చేసేసి తర్వాత ర్యాటిఫికేషన్ కోరడం ఒక్క విపత్తు వేళల్లో తప్ప చెల్లకూడదు. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243-ఎస్‌లో చెప్పింది. ఆ కమిటీలు తమ వార్డులో పనిచేసేవారి జాబితాను ఏడాదికి రెండుసార్లు జనం ముందు చదవాలి.

9. మార్పు మన గడప దగ్గర మొదలవుతుంది.

సిఫారసు అడిగే చేయి ఉన్నంతకాలం సిఫారసు రాసే చేయి ఉంటుంది. కొలువు కోసం ఎవరికీ డబ్బు ఇవ్వం. కార్పొరేటరు ఇంటి ముందు బయోడేటా పట్టుకుని నిలబడం. మన పిల్లవాడికి దక్కకపోయినా, పద్ధతి సరిగా నడిస్తే ఆ ఫలితాన్ని గౌరవిస్తాం. వీధి ఊడ్చే ఆమెను నువ్వు అనం, మీరు అంటాం. ఇవి మేము మా మీద విధించుకున్న నియమాలు.

మేము కోరే నగరం ఇలా ఉంటుంది.

ఆ నగరంలో ఏడాదికి ఒక రోజు కౌన్సిల్ కొలువుల సభగా కూర్చుంటుంది. ఆ రోజు ఇంకో అంశం ఉండదు. ఉదయం కమిషనర్ లేచి, గడిచిన ఏడాది ఎందరు రిటైరయ్యారు, ఎందరు చేరారు, ఎక్కడ కొరత వల్ల ఏ పని ఆగిందో నివేదిక చదువుతారు. అందులో ఏ కాలనీకి నీళ్ళు ఎన్ని గంటలు ఆలస్యమయ్యాయో, అందుకు ఏ పంపు దగ్గర ఆపరేటర్ లేడో కూడా ఉంటుంది. కార్మిక సంఘాల ప్రతినిధులకు మాట్లాడే సమయం ఉంటుంది. నిరుద్యోగ యువతకూ ఉంటుంది. గ్యాలరీలో చోటు చాలక జనం వరండాలో నిలబడి వింటారు. పాలకపక్షం, ప్రతిపక్షం వేర్వేరు లెక్కలతో ఢీకొంటాయి. సాయంత్రానికి ఓటింగ్ జరుగుతుంది. ఎవరు ఎటు ఓటు వేశారో మర్నాడు పత్రికల్లో వస్తుంది.

మూడు నెలల్లో పరీక్ష జరుగుతుంది. శ్మశానవాటిక కాపలా మొదలు టౌన్ ప్లానింగ్ సిబ్బంది దాకా ప్రతి పోస్టుకూ ఆ పనికి తగిన పరీక్షే ఉంటుంది. ప్లంబరుకు పైపు ఇచ్చి చూస్తారు, గుమాస్తాకు అర్జీ ఇచ్చి చూస్తారు. మార్కులు, రోస్టరు స్థానాలు, ఎంపికైనవారి పేర్లు ఒకే రోజు గోడమీదకు వస్తాయి. ఎంపిక కానివారికి ఎందుకు కాలేదో రాతపూర్వకంగా తెలుస్తుంది, అప్పీలుకు గడువు ఉంటుంది. ఆ జాబితా ముందు ఒకమ్మాయి నిలబడి తన పేరు వెతుక్కుంటుంది. ఆమె తల్లి అదే ఊళ్ళో పుష్‌కార్ట్ తోసింది. కూతురు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఎంపికైంది. ఆ పేరు అక్కడికి చేరడానికి ఎవరి ఫోనూ మోగలేదు, ఎవరి కవరూ చేతులు మారలేదు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు కాబట్టి ఆమె మాటకు ఊళ్ళో విలువ ఉంటుంది. కాంట్రాక్టరు తప్పు లెక్క తెచ్చినప్పుడు సంతకం పెట్టనని ఆమె అనగలదు.

ఆ నగరంలో పన్ను కట్టడానికి జనం ముందుకొస్తారు. తమ రూపాయి ఎవరి ఇంటి పొయ్యి వెలిగించిందో, ఏ వీధి దీపం వెలిగించిందో వారికి కనిపిస్తుంది. అక్కడ సమ్మె అరుదు. సమ్మె చేయాల్సిన విషయం ముందే సభలో చర్చకు వచ్చి ఉంటుంది. అక్కడ కార్పొరేటరు పదవి కొలువులు పంచే పదవిగా ఉండదు, కాబట్టి ఆ పదవికి వచ్చేవారు కూడా మారతారు. ఊరి పని తెలిసిన టీచరు, నర్సు, ఆటో కార్మికుడు, కార్మిక నాయకురాలు బరిలోకి దిగుతారు.

అక్కడికి చేరే దారి మాకు తెలుసు. ప్రతి పట్టణంలో కౌన్సిల్ సభలకు క్రమం తప్పకుండా హాజరయ్యే పౌర బృందాలను నిర్మిస్తాం. నియామకాల ఫైళ్ళను సమాచార హక్కు కింద అడిగి, తెలుగులో సంక్షిప్తం చేసి వార్డుల్లో పంచుతాం. రోస్టరు లెక్క చదవడం కాలేజీ విద్యార్థులకు నేర్పుతాం. జీతం చీటీ చదవడం, పీఎఫ్ ఖాతా చూసుకోవడం కార్మికులకు నేర్పుతాం. ఈ ప్రణాళికలోని తొమ్మిది అంశాలను పుర తీర్మానంగా పెట్టే కౌన్సిలర్లకు, ఏ పార్టీవారైనా, అండగా నిలబడతాం. ఎన్నికల వేళ ప్రతి అభ్యర్థినీ ఒకే ప్రశ్న అడుగుతాం: నియామకాల పద్ధతిని సభలో పెడతారా, పేర్లకు దూరంగా ఉంటారా? జవాబును రాతలో తీసుకుని వార్డులో ప్రకటిస్తాం. గెలిచాక ఆ మాట నిలబెట్టుకున్నారా లేదా అన్నది ఏటా ప్రకటిస్తాం. ఏ పార్టీ నుంచీ డబ్బు తీసుకోం, మా కార్యకర్తల్లో ఎవరికీ ఉద్యమం పేరుతో కొలువు రాదు.

ఇది చదువుతున్న మీరు ఏ వరసలో నిలబడ్డారో మాకు తెలియదు. కొలువు ఉన్నవారు కావచ్చు, కొలువు కోసం చూస్తున్నవారు కావచ్చు, అధికారి కావచ్చు, కౌన్సిలరు కావచ్చు. అధికారి అయితే, నియమం ప్రకారం చేసిన ప్రతి నియామకానికీ మేము సాక్షులుగా ఉంటాం. కౌన్సిలరు అయితే, సభలో మీరు వేసే ప్రతి ప్రశ్న వెనకా మేముంటాం. కార్మికులైతే, ఈ ఉద్యమానికి ముందు నడవాల్సింది మీరే. ఉద్యోగం వెతుక్కుంటున్న యువకులైతే, మీకు మేము కొలువు ఇప్పిస్తామని మాట ఇవ్వం. కొలువుకు తలవంచి పోయే దారి మూసి, తలెత్తుకుని పోయే దారి తెరుస్తామని మాట ఇస్తున్నాం.

ఇందులో చేరడానికి రుసుము లేదు, సభ్యత్వ కార్డు లేదు. షరతు ఒక్కటే. మీ కోసం గానీ, మీవారి కోసం గానీ, ఊరి కొలువుకు ఎవరి సిఫారసూ అడగనని పదిమంది ముందు చెప్పాలి. ఆ మాట చెప్పినవారు వచ్చే నెల కౌన్సిల్ సభ నాడు మాతో పాటు గ్యాలరీలో కూర్చుంటారు. నియామకాల అంశం చదివే క్షణానికి, దీనిమీద చర్చ జరగాలని కోరిన అర్జీ మీ వార్డు కార్పొరేటరు చేతిలో ముందే ఉండాలి. ఆ అర్జీ రాయడంతో మన పని మొదలవుతుంది.